సముద్రం బావి

నిన్న పొద్దున ఎర్రమట్టి లారీ ఒకటి మా ఇంటి ముందర నిలిచె. దాంట్లో నుంచి టేపు పట్టుకొన్న మనిషి దిగి, "అజ్జీ, సముద్రద బావి ఎల్లిదె?" అని సముద్రం బావి యాడుండాదని కన్నడంలో అడిగె. చేయి చూపిస్తిని. ఆ చేను మా చేతులు దాటి ఏండ్లయింది. ఇప్పుడు దాంట్లో ఇండ్ల సైట్లు వేస్తాండారంట. అడ్డంగా ఉండే పాత బావిని పూడ్చాలంట. ఆ మనిషి కాయితం చూసుకొంటా నవ్వి తెలుగులోకి తిరిగె. "భూమి పహణిలో గూడా అట్లే రాసుండాది అజ్జీ. ఈ బండల మధ్యలో సముద్రం యాడిది?"

నేను నోరు చూపిస్తిని. నోట్లో ఆకు ఉండాదని సాకు.

ఆ పేరు ఎట్లొచ్చిందో ఎరిగినవాళ్ళల్లో ఈ భూమ్మీద మిగిలింది నేనొకదాన్నే. అది నాతోనే పూడిపోకముందే చెప్పేయాల. నాకు నా పేరు రాసేంత వరకే అచ్చరాలు వస్తాయి. అందుకే మనవరాలిని కూర్చోబెట్టుకొని చెప్తాండా. సొగసు చేయద్దు తల్లీ, నా నోట్లో నుంచి ఎట్లొస్తే అట్లే రాయి.

పాతపాళ్యం పక్క ఊరు మాది. యాడ చూసినా బండలు, బండల సందుల్లో రాగి చేను, ఉలవ చేను. వాన వస్తే తింటాము, రాకుంటే ఆకాశం చూస్తాము. శిడ్లఘట్ట పక్క ఊర్లల్లో పట్టుపురుగులు మేపి మిద్దెలు కడతాండారని ఇని, మా నాయనకు గూడా పురుగుల ఆకుతోట వేయాలని పుట్టె. తోటకు నీళ్ళు గావాల. బావి తవ్వను మొదలుపెట్టె. మూడు ఎండాకాలాలు తవ్విరి. ఆరు నిలువుల లోతు పోయినాక అంతా నల్లబండ. వడ్డె మేస్త్రి మందు కూరి పేల్చేవాడు, రాయి ఎగిరేది, కింద మళ్ళీ రాయే. మా అమ్మ మెడలోని బంగారు గుండ్లు ఒకటొకటిగా ఆ బావిలోకే దిగిపోయినాయి. "ఈ ఎండాకాలం దాటితే ఇంక తవ్వను. కోలారు బంగారు గనికి పోయి భూమి లోపల కూలి చేస్తా" అనేవాడు నాయన. ఆ మాట ఇంటే అమ్మ పొయ్యి ముందర నుంచి లేసేది గాదు. గనిలోకి పోయిన మొగోళ్ళు దగ్గుతో తిరిగొస్తారని అందరికీ తెలుసు.

ఇంక మా అవ్వ. మా నాయన తల్లి. ఆమెది నీళ్ళ చేయి అనేవాళ్ళు. చుట్టూ మూడూర్లల్లో యాడ బిడ్డ పుట్టినా నీళ్ళు పోసేకి ఆమే పోవాల. నీళ్ళు పోసుకొనే బచ్చలి గచ్చు మీద రెండు కాళ్ళు చాపి కూర్చొనేది. బిడ్డను కాళ్ళ మీద బోర్లా ఏసుకొని, ఆముదం పట్టించి, సున్నిపిండి రుద్ది, ముక్కు తీర్చి, తల గుండ్రంగా ఒత్తి, అరచేతి మీదుగా ఉడుకునీళ్ళు జార్చేది. బిడ్డ ఒకసారి కెవ్వుమని, ఆ మీట నిద్రపోయేది. "వంకర ముక్కు కనపడితే అది నా చేతి బిడ్డ గాదు, పైఊరి సరుకు" అనేది. మీసాలు తిప్పుకొంటా అరుగు మీద కూర్చున్న మొగోళ్ళను చూసి, "నీ పిర్రలు కడిగింది నేనే లేరా, కాళ్ళు ముడుచుకొని దావ ఇయ్యి" అనేది. వాళ్ళు నవ్వుకొంటా జరిగేవాళ్ళు. ఆమెకు అంతకన్నా ఆస్తి ఏమీ లేదు. ఇది గుర్తు పెట్టుకో తల్లీ.

నీళ్ళు పడని బావికి గంగను పిల్చుకొచ్చేది మా పక్క ఒక పద్ధతి. నీళ్ళుండే చోటు నుంచి ఒక చెంబుడు తెచ్చి బావిలో పోస్తే, ఆ నీళ్ళ వెనకాలే గంగమ్మ దావ ఎతుక్కుంటా వస్తాది. పెద్దమనిషి గాని ఆడబిడ్డే మొయ్యాల. దావలో చెంబు నేల తాకకూడదు. మూతికి కట్టిన పసుపు గుడ్డ ఇప్పకూడదు. తాకితే ఆమె ఆడనే నిలిచిపోతాది, ఇప్పితే ఎనక్కి తిరిగిపోతాది. ముందటేడు చిత్రావతి ఏటి నీళ్ళు తెచ్చి పోసిరి. ఏమీ కాలేదు.

"ఎండే ఏరును పిలిస్తే ఎండే వస్తాది" అనె అవ్వ.

ఆ ఎండాకాలంలోనే చెన్నపట్నం నుంచి మా అత్తోళ్ళ జాబు వచ్చె. అత్త అంటే నాయన చెల్లెలు, అవ్వకు ఒక్కతే కూతురు. వాళ్ళాయన ఆడ చింతపండు మండీలో గుమాస్తా. అది యుద్ధం కాలం. శత్రువుల ఓడలు వస్తాండాయని, ఆకాశం నుంచి గుండ్లు వేస్తారని చెన్నపట్నమంతా లేసి పోతాండాదంట. అత్త నాలుగు నెలల కడుపుతో ఉండె. "నేను మండీ ఇడిసి రాను వీల్లేదు, మీరొచ్చి ఆమెను పిల్చుకొని పోండి" అని మామ రాసుండె. నాయన వడ్డెవాళ్ళను ఇడిసి కదిలే మాట లేదు.

"నేను పోతా" అనె అవ్వ. "పాపను తోడు తీసుకొని పోతా."

"గుండ్లు పడే ఊరికి బిడ్డనేల అత్తా?" అనె అమ్మ.

అవ్వ నా తల మీద చేయి పెట్టె. "చెంబు మోసేకి. ఎండని నీళ్ళు ఆడనే గదా ఉండేది."

అప్పుడు నాకు తొమ్మిదేండ్లుంటాయేమో.

చింతామణికి ఎద్దుల బండి. ఆడి నుంచి బొమ్మ మాదిరి ఉండే చిన్న రైలు, బౌరింగుపేటలో దిగి పెద్ద రైలు. మామ పని చేసే మండీకి సరుకు తీసుకొని పోయే ఒకాయన మాకు తోడు. రాగి రొట్టెలు, చెనిక్కాయల పొడి, చింతామణిలో కొన్న బొరుగులు మూట కట్టుకొంటిమి. అవ్వ ఒళ్ళో ఖాళీ ఇత్తడి చెంబు.

చెన్నపట్నంలో దిగంగానే ముందర తగిలింది వాసన. చేపలది, తారుది, గుర్రం లద్దిది, మల్లెపూలది, అన్నీ ఒకటే గాలిలో. మా ఊరి గాలి గీరుకొని పోతాది. ఆ గాలి ఒంటికి అతుక్కొంటాది. "ఈ ఊరికే చెమట పట్టిండాది" అనె అవ్వ. బొరుగులు సాయంత్రానికి మెత్తబడిపోయినాయి.

మేము స్టేషను నుంచి బయటికి వస్తాంటే ఊరంతా లోపలికి తోసుకొస్తాండె. పరుపు చుట్టలు, ఇత్తడి బిందెలు, పంజరంలో చిలక. ఒకామె రుబ్బుగుండు చంకలో పెట్టుకొనుండె. రోలు మాత్రం లేదు. అవ్వను చూసి, "అందరూ పోతాంటే నువ్వొస్తాండావే, పిచ్చా?" అనె.

"గుండు నీ చేతిలోనే ఉండాది గదమ్మా, ఇంక నాకేం భయం" అనె అవ్వ.

మామ కాపురం ముత్యాలపేటలో ఒక ఇరుకు సందు. ముందర మండీ, ఎనక ఒక్క గది. గడప తొక్కంగానే నేను "మన చింతపండు!" అని అరిస్తిని. మామ మూట మీద తట్టి నవ్వె. "మన పక్క చింతపండే పాపా. ఓడలు నిలిచిపోకముందు ఇది రంగూను పోయేది, సింగపూరు పోయేది. మన చెట్టు కాయ ఓడ ఎక్కె, మనమే ఎక్కలేదు."

అత్త అవ్వను చూసి ఏడిసె. ఆ మీట మూట ఇప్పి రాగి రొట్టె వాసన చూసి మళ్ళీ ఏడిసె. కడుపుతో ఉండేవాళ్ళకు మన్ను తినాలనిపిస్తాదే, ఆమెకు మా ఊరి మన్ను గావాల్సి వచ్చిందంట. ఆ ఊరి మన్ను ఉప్పంట.

నాలుగు దినాలు ఉంటిమి. అత్త నా చేయి పట్టుకొని వీధులన్నీ తిప్పె. మళ్ళీ చూస్తానో లేదో అని తన కోసమే తిరిగింది ఆమె. ఆ ఊర్లో వీధికి ఒక సరుకు, సరుకుకు ఒక జాతి. పగడాలోళ్ళ వీధి, తాళ్ళోళ్ళ వీధి, పూల బజారు. గడపకు పసుపు పూసుకొనే మన తెలుగు శెట్లు ఒక వరస, ఆ మీట అరవమోళ్ళు, అత్తరు అమ్మే సాయిబులు, పెద్ద పాగాల మార్వాడీలు. ఒక సందులో తెల్లగా ఒక పాత గుడి ఉండె. గంట ఉండె గాని మనుషులు లేరు. "తెల్లోళ్ళదా?" అంటిని. "తెల్లోళ్ళే గాని దొరలు గాదు. ఎప్పుడో యాపారానికి ఓడ దిగి కట్టుకొన్నారంట. వాళ్ళు చచ్చిపోయిరి, గుడి నిలిచె" అనె అత్త. "ఈ ఊరు ఎవురిదీ గాదే. సముద్రం తెచ్చి పడేసినోళ్ళందరిదీ."

సగం తలుపులకు తాళాలు. ట్రాము బండి గంట కొట్టుకొంటా వచ్చేది, లోపల నలుగురు గూడా లేరు. మనుషులు ఇడిసి పోయిన కుక్కలు గడపల ముందర కూర్చొని వచ్చేపోయేవాళ్ళ మొగాలు చూస్తాండె. ఓడలకు దావ చూపించే దీపస్తంభానికి గూడా దీపం ఆర్పేసిరంట. అది ఎలిగే దినాల్లో, తిరిగి తిరిగి ఒక్కోసారి తన గోడ మీద గూడా ఎలుగు తట్టి పోయేదని అత్త చెప్పె. "అది చూసే నిద్రపోయేదాన్ని. ఇప్పుడు ఊరు గుడ్డిదై పోయె."

కొళాయి కాడ మాత్రం జనం తగ్గలేదు. పొద్దున ఒక గడియ నీళ్ళు వస్తాయి. బిందెలు తగిలి ఆడోళ్ళు జుట్లు పట్టుకొంటాండిరి. అవ్వ నడుం మీద చేయి పెట్టుకొని చూసి, "ఇంత సముద్రం పెట్టుకొని కుండెడు నీళ్ళకు కొట్లాడతారే, మీ కన్నా మా బండలే మేలు" అనె. ఒకామె, "తాగి చూడు పోవే ముసిల్దానా, తెలుస్తాది" అని తెలుగులోనే కసిరె.

కడపటి దినం సముద్రం కాడికి పోతిమి. రేవులో రాతిగోడల మధ్యన బూడిద రంగు ఓడలు నిలబడుండె. మందిని దగ్గరికి రానీకుండా బందోబస్తు. మేము దానికి ఉత్తరం పక్కగా, బెస్తోళ్ళ గుడిసెల పక్క ఇసకలోకి దిగితిమి. గోతులు తవ్వి పెట్టుండె, గుండ్లు పడితే దూరేకంట.

నేను సముద్రం చూసి ఏమనుకొన్నానో ఇప్పటికీ చెప్పలేను. అది కదుల్తాండె. నీళ్ళు ఊరికే ఉండి కదిలేది నేను యాడా చూడలేదు. మా ఊర్లో నీళ్ళు కదిలితే ఎవురో తోడినట్లు.

అవ్వ మోకాళ్ళ లోతుకు దిగె. పసుపు, కుంకుమ, ఒక టెంకాయ ఇచ్చి, పక్కింటామెతో మాట్లాడినట్లు మాట్లాడె. "తల్లీ, నువ్వు ఈడ ఎవురికీ పనికి రాకుండా పడుండావు. మా ఊరికి రా. మా వాని బావి ఖాళీగా ఉండాది. నిన్ను మూడు పంటల తోట చేసి పూజ చేస్తాము. రా తల్లీ."

పడవ నీడలో వల కుట్టుకొంటాండే ముసిలాయన ఇని నవ్వె. తెలుగు పడవోడే. "అవ్వా, ఆమెను పిలవద్దు. వస్తే పోదు."

"నీకేం తెలుసప్పా?"

"నాకు గాక ఎవురికి తెలుసు? మా తాత దినాల్లో ఈ గోడలు లేవు. ఓడలు అంత దూరంలో నిలబడేవి. మేకుల్లేకుండా పీచుతాడుతో కుట్టిన పడవలేసుకొని పోయి, దొరలను, దొరసానులను ఈ ఇసక మీదికి మోసుకొచ్చినాము. మేకు కొట్టిన పడవైతే అల దెబ్బకు ముక్కలు. ఈ ఊరు మా భుజాల మీద దిగింది. ఆ మీట రాతిగోడలు కట్టిరి. ఆమెకు కోపమొచ్చె. గోడను తినలేక పక్కన మా వీధులు తినె. మా నాయన ఇల్లు ఇప్పుడు ఆ అల కింద ఉండాది." సూది ఎత్తి చూపించె. "ఒక అడుగు చోటిస్తే ఊరు తింటాది."

"మా ఊర్లో తినేకి ఏముండాది, బండలు తప్ప. తిననీ" అని అవ్వ చెంబు ముంచె.

పసుపు గుడ్డ కట్టి, దారం మూడు సుట్లు సుట్టి, చెంబు నా చేతికిచ్చె. అప్పటి నుంచి అది నా ఒళ్ళో ఉండాల, లేకుంటే ఉట్టిలో. నేల తాకకూడదు.

తిరిగొచ్చే రైలు గురించి చెప్పాల. ఇన్నేండ్లుగా చెప్పంది ఇదే.

మామ మమ్మల్ని కిటికీలో నుంచి లోపలికి తోసె. తలుపు కాడ జాగా లేదు. అవ్వ రెండు చేతులూ అత్త కడుపుకు అడ్డం పెట్టి, ఎవురి మోచేయి తగలకుండా నిలబడుండె. నన్ను ఎవురిదో ట్రంకు పెట్టె మీద కూర్చోబెట్టిరి, చెంబు ఒళ్ళో. రైలు కదిలె. ఊరు పోయె, ఉప్పు వాసన పోయె. నాకు ఒకటే ఆలోచన. అల ఇంకా ఉండాదా? చెంబులో గూడా అది అట్లే లేస్తా పడతా ఉంటాదా? చెవి ఆనిస్తిని. ఏమో చప్పుడు. రైలుదో దానిదో తెలీదు.

దారం ఇప్పితిని. గుడ్డ ఎత్తి చూస్తిని. అల లేదు. మా ఇంటి కుండలో నీళ్ళ మాదిరే ఊరికే ఉండాయి. నాకు ఏడుపొచ్చినంత పని ఆయె. మోసం చేసినట్లనిపించె. ఇంకా వంగి చూస్తాంటే రైలు ఒక కుదుపు కుదిపె. చెంబు నా పావడా మీద, పెట్టె మీద, కింద కూర్చున్నాయన పాగా మీద కుమ్మరించుకొనె.

"ఎవురే నీళ్ళు పోసింది?" అని ఆయన అరిసె. అవ్వ ఆ పక్కన అత్తను పట్టుకొనుండె, తిరిగి చూడలేదు. నేను ఖాళీ చెంబుకు మళ్ళీ గుడ్డ కట్టి, దారం మూడు సుట్లు సుట్టితిని. నా పావడా ఎండి అట్ట మాదిరి బిరుసుగా ఆయె. ఆ ఉప్పే నాకు మిగిలిన సముద్రం.

బౌరింగుపేటలో దిగితిమి. చిన్న రైలుకు ఇంకా పొద్దుండాది. అత్తకు వాంతులు, అవ్వ ఆమె మొగం కడుగుతాండె. ఇంజనుకు నీళ్ళు పట్టే ఇనుప తొండం ఒకటి ఉంటాదే, దాని కొనలో ధారగా కారుతాండె. నేను పోయి చెంబు పట్టితిని. నిండె. గుడ్డ కట్టితిని. పది అడుగులు పోయి పది అడుగులు వచ్చినాను, అంతే. అంత సులువు.

ఊర్లో మేళతాళాలతో ఎదురొచ్చిరి. మేకపోతును కోసిరి. నాయన నన్ను ఎత్తి బావి గట్టు మీద నిలబెట్టె. "పొయ్యి తల్లీ" అనె. నేను పోస్తిని. ఆ నీళ్ళు అంత లోతు పడి బండకు తగిలిన చప్పుడు, చెంపదెబ్బ మాదిరి ఉండె.

మూడో దినం వడ్డె మేస్త్రి మందు పేల్చె. పొగ అణిగినాక కింద నుంచి అరిసె, "అప్పా! గంగ!" బండ పగిలి నీళ్ళు బుగబుగమని లేస్తాండె. ఊరంతా ఉరికొచ్చె. అమ్మ మట్టిలో కూర్చొని ఏడిసె. ఆడోళ్ళు అవ్వ కాళ్ళకు పసుపు రాసిరి. "సముద్రాన్నే పిల్చుకొచ్చిందమ్మా మహాతల్లి!" ఆ దినమే బావికి ఆ పేరు పడె. నేను ఆ రెండు దినాలు అన్నం సరిగ్గా తినలేదు. ఇంజను నీళ్ళకు గూడా గంగ వస్తాదా అని ఆలోచిస్తాంటిని. వచ్చింది గదా, ఇంకెవురికీ చెప్పే పని లేదనుకొంటిని.

ముందర తెలుసుకొనింది ఎద్దులు. తొట్లో మూతి పెట్టి ఎత్తేసినాయి. కొట్టినా తాగలేదు. నాయన దోసిలి పట్టి తాగి, ఉమ్మేసె. ఆ మీట తల తిప్పి అవ్వను చూసె. తిట్టుంటే బాగుండు.

ఉప్పు. ఒట్టి ఉప్పు.

అయినా ఆకు నాటిరి, ఎద్దులతో కపిల కట్టి నీళ్ళు తోలిరి. లేతాకు అంచులు కాలిపోయె. ఆ ఆకు మేసిన పురుగులు తలెత్తకుండా నల్లబడి చచ్చె. ఇంక నోర్లు లేసె. "ముసిల్ది పోయి సముద్రాన్ని తెచ్చి ఊర్లో ఇడిసె." దిగువ చేన్లో వాళ్ళ బావి గూడా ఉప్పెక్కిందని ఒకాయన, తాగే బావి రుచి మారిందని ఇంకొకామె. పడవోడు చెప్పిన మాట అవ్వే నవ్వుకొంటా అందరికీ చెప్పుండె: ఒక అడుగు చోటిస్తే ఊరు తింటాదని. ఆ మాటే ఆమె మెడకు సుట్టుకొనె.

తాగే బావి కాడ ఆమె చేంతాడు పట్టుకొంటే, "అవ్వా, నువ్వు పట్టద్దు. మేము తోడి పోస్తాంలే" అనిరి. మర్యాదగానే అనిరి. వంకర ముక్కుల కత చెప్పి నవ్వించిన ఇండ్లల్లో బిడ్డలు పుడతాండిరి. ఆమెను పిలవలేదు.

ఐదు నెలలకు అత్త ప్రసవించె. మగబిడ్డ. అవ్వకు సొంత కూతురి బిడ్డ గదా. పొద్దున్నే లేసి ఆముదం ఎచ్చబెట్టి, సున్నిపిండి నూరి, బచ్చలి గచ్చు మీద కాళ్ళు చాపి కూర్చొనె. "తీసుకురాండి వాన్ని" అని కేకేసె.

అత్త బిడ్డను రొమ్ముకు గట్టిగా పట్టుకొని వాకిట్లో నిలబడె. అందరూ చూస్తాండారు. నేను ఉడుకునీళ్ళ బిందె పక్కనే.

"వద్దమ్మా" అనె అత్త.

"ఏమే?"

"నీ చేత్తో నీళ్ళు వద్దమ్మా. ఒక్క బిడ్డ." అని ఏడిసె.

అవ్వ కాళ్ళు ముడవలేదు. చాపిన కాళ్ళ మీద ఏమీ లేకుండా అట్లే కూర్చొనుండె. అరచేతిలో ఆముదం మోచేతి దాకా కారె.

నా నోరు తెరుచుకొనింది తల్లీ. అబద్ధం గాదు, తెరుచుకొనింది. ఆ చెంబులో సముద్రం లేదు, ఇంజను నీళ్ళు, అవ్వ తప్పేమీ లేదు, అని అంతా నాలుక మీదికి వచ్చె. అప్పుడే ఎనకాల ఎవురో ఆడామె, "గుడ్డ ఇప్పకూడదు, దించకూడదు అని అన్నీ చేసినా ఇట్లాయె చూడు. మోసిన బిడ్డేమన్నా తప్పు చేసుంటే ఇంకేం గతి పట్టేదో" అనె. నేను నోరు మూసుకొంటిని. అవ్వ మీద నుంచి ఆ చేతులన్నీ తీసి నా మీదికి తిప్పుతారు. నన్ను గూడా బావి కాడికి రానియ్యరు. నన్ను ఎవురు చేసుకొంటారు? తొమ్మిదేండ్లదానికి అంత లెక్కుంటాదా అని నువ్వు అడుగుతావు. ఉంటాది. ఉండె.

నాయన ఆ పంట కాలంలోనే కోలారు గనికి పోయె. దగ్గు తీసుకొనే తిరిగొచ్చె.

అవ్వకు ఒక్కటి మిగిలె. పిల్లకాయలు. వాళ్ళకు ఉప్పూ తెలీదు శాపమూ తెలీదు. సాయంత్రం అరుగు మీద కూర్చొని చెన్నపట్నం కత చెప్పేది. పీచుతో కుట్టిన పడవలు, గుడ్డిదైన దీపస్తంభం, రుబ్బుగుండు చంకలో పెట్టుకొని పారిపోయినామె. "పిలిస్తిని రా, నా మాట ఇని అంత దూరం నుంచి వచ్చింది. తప్పు ఆమెది గాదు, నాది. ఉప్పు లేకుండా రా అని చెప్పడం మరిచిపోతిని" అనేది. ఆ మాటకు నవ్వేది. నేను పెద్దగైనాక నాలుగైదు సార్లు ఆమె పక్కన కూర్చొని చెప్పను చూస్తిని. ఆ నవ్వు చూసి, ఇదొక్కటీ ఎందుకు తీసేయాల అనుకొనేదాన్ని. అది ఆమె కోసమో నా కోసమో, నేను ఇప్పటికీ తేల్చలేదు.

ఆమె పోయినప్పుడు ఒంటికి పోసిన నీళ్ళు ఆ బావివే. తాగే బావి నీళ్ళు ఎవురూ ఇయ్యలేదు. నేనే కాచితిని, నేనే పోస్తిని. ఊరి బిడ్డలందరికీ అరచేతి మీదుగా నీళ్ళు జార్చినామెకు, చెంబుతో కుమ్మరిస్తిని. నాకు ఆ చేతి ఇద్దె రాలేదు.

పెండ్లయినాక మా ఆయనకు ఒకసారి చెప్తిని. ఆయన చుట్ట ముట్టించుకొని, "బండ కింద చౌడు ఉంటే ఉప్పునీళ్ళే వస్తాయి. సముద్రం పోసినా అంతే, ఇంజనుది పోసినా అంతే. నీది గాదు, ఆమెది గాదు" అనె. నిజమే. నీళ్ళ తప్పు నాది గాదు. నోటి తప్పు నాది. ఆయన పోయి ఇరవై ఏండ్లు. ఆ మీట ఎవురికీ చెప్పలేదు.

ఈ పొద్దున బావి కాడికి పోయినాను. లారీ ఎనక్కి తిరిగి గట్టు మీద నిలబడుండె. టేపు మనిషి, "అజ్జీ, దూరం జరుగు" అనె. నేను జరగలేదు. ఆమె కూర్చున్నట్లే ఆ గట్టు మీద కాళ్ళు చాపి కూర్చొంటిని. లోపల అడుగున కొంచెం నీళ్ళు ఉండె, ఊరికే ఉండె, కదల్లేదు.

"ఏమజ్జీ, ఏం గావాల?"

"ఏమీ వద్దప్పా. నిన్న నువ్వు అడిగితివే, ఈడ సముద్రం యాడిదని. దీంట్లో సముద్రం లేదు. ఎప్పుడూ లేదు. బౌరింగుపేటలో ఇంజనుకు పట్టే నీళ్ళు, నేను పట్టుకొచ్చినాను. మా అవ్వ ఏమీ తేలేదు. మీ పహణిలో ఆ పేరు కొట్టేయి."

ఆయనకు ఏమీ అర్థం గాలేదు. "ఆయితు అజ్జీ" అని సరేలే అన్నట్లు తలూపి, నన్ను రెక్క పట్టి లేపె. ఆ మీట లారీ మట్టి వదిలె.